మూడో క్లాసు దాటితే...

విజయదశమి వెళ్లిన వారంలో సంగీతం నేర్పే ఇళ్ల ముందు చెప్పులు పెరుగుతాయి. ఏ విద్య మొదలుపెట్టినా ఆ రోజు మంచిదని మనవాళ్ల నమ్మకం. పిల్లల చెప్పుల మధ్య ఈమధ్య పెద్దవాళ్ల చెప్పులు కూడా కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు సరళీ వరసల దగ్గరే ఆగిపోయినవాళ్లు, అసలు మొదలే పెట్టనివాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయి కాస్త ఊపిరి దొరికినవాళ్లు... నలభైలో, యాభైలో కూడా ధైర్యం చేసి చేరుతున్నారు. సంక్రాంతి వచ్చేసరికి వీళ్లలో కొందరు మానేస్తారు. పిల్లలు మానేస్తే పరీక్షలంటారు. పెద్దవాళ్లు మానేస్తే 'తీరిక ఉండట్లేదండీ' అంటారు. టీచర్లు కూడా సరే కాబోలు అనుకుంటారు.

నిజంగా తీరిక లేనివాళ్ల సంగతి వేరు. వీళ్లలో ఇంకో రకం వాళ్లుంటారు. మనసు బాగాలేక, ఏదో ఒకటి నేర్చుకుంటే మళ్లించుకోవచ్చని వచ్చినవాళ్లు. వాళ్లు మానేసేది ఆ మనసు వల్లే. రెండు క్లాసులకెళ్లి, మూడోదానికి కాళ్లు రాక ఆగిపోయి, 'నావల్ల ఇది కూడా కాలేదు' అని మరింత కుంగిపోయేది వీళ్లే. ఈ వ్యాసం వాళ్ల కోసం. వాళ్లింట్లో ఉండేవాళ్లు చదివినా మంచిదే.

దిగులు, గుబులు

మన భాషలో ఈ బాధలకు మాటల కరవు లేదు. దిగులు, బెంగ, గుబులు, బెదురు. ఏదీ తోచనప్పుడు 'మనసు బాగాలేదు' అనే మాట ఎలాగూ ఉంది. డాక్టర్లు మాత్రం ముఖ్యంగా రెండు పేర్లు వాడతారు. ఒకటి డిప్రెషన్, రెండోది యాంగ్జయిటీ. చాలామందిలో ఈ రెండూ కలిసే కాపురం చేస్తాయి.

దిగులంటే ఓ మూల కూర్చుని ఏడవడమే అనుకుంటాం. మన ఇళ్లలో అలా కూర్చునే వీలెక్కడిది? పాలు పొంగకుండా చూసుకోవాలి, బాక్సులు సర్దాలి, నీళ్లొచ్చే వేళకి పట్టుకోవాలి. ఆఫీసుకెళ్లేవాళ్లయితే బస్సందుకోవాలి. అన్నీ జరిగిపోతూనే ఉంటాయి. చేసే మనిషి మాత్రం అందులో ఉండదు. రోజూ చూసే సీరియలే అయినా నిన్నేం జరిగిందో గుర్తుండదు. చీరల కొట్టుకెళ్తే ఏదీ తీసుకోబుద్ధి కాదు. చెల్లెలు ఫోన్ చేస్తే తర్వాత మాట్లాడదాంలే అనిపిస్తుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టదు.

గుబులు తీరు వేరు. ఏదో జరగబోతోందని లోపల ఎవరో తలుపు కొడుతూనే ఉంటారు. గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు ఉండటం. నలుగురిలోకి వెళ్లాలంటే ముందురోజు నుంచే కడుపులో తిప్పుతుంది. పక్కింటి పేరంటానికి వెళ్లాలన్నా 'ఏం మాట్లాడాలి, నన్ను చూసి ఏమనుకుంటారు' అని నాలుగుసార్లు ఆలోచించుకుని, ఆఖరికి పిల్ల చేత పసుపు కుంకుమ తెప్పించుకునేవాళ్లు ఎందరో.

ఈ రెండూ ఉన్న మనిషి, ముక్కూమొహం తెలియని చోటికి వెళ్లి, రాని విద్యని పదిమందిలో మొదలుపెట్టాలి. అది ఎంత బరువైన పనో చెప్పేవాళ్లకి తెలియదు. 'ఏదైనా హాబీ పెట్టుకోవచ్చుగా' అని తేలిగ్గా అనేస్తారు.

ముందు ఏది?

ఇక్కడ అందరూ పడే చిక్కు ఒకటుంది. 'మనసు కాస్త కుదుటపడనీ, అప్పుడు చేరతాను' అనుకుంటాం. జ్వరం తగ్గాక స్నానం చేద్దామన్నట్టు. జ్వరం విషయంలో అది సరే. దిగులు విషయంలో వరస తిరగబడుతుంది. దిగులు మొదట పట్టుకునేది ఉత్సాహాన్నే. ఆ ఉత్సాహం వచ్చేదాకా ఆగుదామనుకుంటే నెలలు గడిచిపోతాయి. పని తగ్గుతుంది, పలకరింపులు తగ్గుతాయి, సంతోషపడే సందర్భాలే లేకుండా పోతాయి. దాంతో దిగులు ఇంకా పెరుగుతుంది. అందుకే ఇష్టం లేకపోయినా చిన్న పని ఒకటి మొదలుపెట్టి, ఇష్టాన్ని వెనకాల రానివ్వడం అనే పద్ధతి వైద్యంలో ఉంది. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నదే. ఒకప్పుడు మనకి ఇష్టమైనవి, మనకి ముఖ్యమనిపించేవి, వారానికి ఇన్నని రాసుకుని, బుద్ధి పుట్టినా పుట్టకపోయినా చేయడం.

ఇది పైదేశాల వాళ్ల మాటేలే అనుకోకండి. మన గోవాలోనే పరీక్షించి చూశారు. అక్కడ పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో జరిగిన అధ్యయనం ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లని తీసుకుని, సగం మందికి మామూలు వైద్యంతో పాటు ఆరు నుంచి ఎనిమిది విడతల కౌన్సెలింగ్ కూడా ఇచ్చారు. ఆ కౌన్సెలింగ్‌కి పునాది ఈ పద్ధతే. ఇచ్చినవాళ్లు సైకాలజిస్టులు కారు. శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలలకి చూస్తే, కౌన్సెలింగ్ అందినవాళ్లలో 64 శాతం మంది దిగులు నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లలో 39 శాతం. తేడా చిన్నదేం కాదు.

అయితే 'పని చేస్తే దిగులు పోతుంది' అనే మాటని మన ఇళ్లలో తప్పుగా వాడేస్తారు. 'ఖాళీగా ఉండబట్టే ఈ ఆలోచనలు, నాలుగు గిన్నెలు తోముకుంటే అవే పోతాయి' అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. గిన్నెలు తోమడం మనకి కొత్తా? ఆ మాటకొస్తే గిన్నెలు తోముతూనే దిగులుపడుతున్నాం. ఇక్కడ చెబుతున్న పని వేరు. ఎవరికోసమో కాకుండా, చేయకపోతే ఇల్లు ఆగిపోదని తెలిసి కూడా, తన కోసం చేసుకునే పని అన్నమాట.

గేటు దాకా వెళ్లి...

రాజమండ్రిలో నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారు. తన సంగతి రాయమన్నారు, పేరు మాత్రం వద్దన్నారు. నలభై మూడేళ్లు. కొడుకుని ఇంటర్‌కి హాస్టల్లో వేశాక ఇల్లు బోసిపోయింది. అదే ఏడాది తల్లి పోయారు. నిద్ర పోయింది, ఆకలి పోయింది, బజారుకెళ్లాలంటే గుండె దడ మొదలైంది. డాక్టరు మందులు రాశారు. నాలుగు నెలలయ్యాక 'వారానికి రెండుసార్లు ఇల్లు దాటే పని ఒకటి పెట్టుకోండమ్మా' అన్నారు. రెండు వీధుల అవతల ఒక టీచరుగారు గాత్రం నేర్పుతారు. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి అయిదు. ఈవిడ చేరారు.

మొదటి రోజు చాప మీద ఆరుగురు పిల్లలు. ఎనిమిదేళ్లు, పదేళ్లు వాళ్లకి. అందులో ఒకమ్మాయి 'మీ పాప రాలేదా ఆంటీ?' అని అడిగింది. 'నేనే నేర్చుకోడానికొచ్చా' అని చెప్పడానికి ఈవిడకి చెమటలు పట్టాయట. శ్రుతి పెట్టె మోగుతోంది. ఒక్కొక్కళ్లే పాడుతున్నారు. వంతు దగ్గరికొస్తున్నకొద్దీ దడ. తన వంతు వచ్చేసరికి 'సా' అన్న ఒక్క అక్షరం గొంతు దాటలేదు. వచ్చిందేదో వణుక్కుంటూ వచ్చింది. పిల్లలు ముసిముసిగా నవ్వారు. టీచరుగారు ఏమీ అనలేదు. తనూ గొంతు కలిపి అదే 'సా' పట్టి, నెమ్మదిగా 'రి' దగ్గరికి తీసుకెళ్లారు.

రెండో క్లాసులో టీచరుగారు శ్రుతి మార్చారు. పిల్లలు అయిదున్నర శ్రుతిలో పాడతారు. నలభై దాటిన గొంతుకి అది ఎక్కువ. ఆడవాళ్లకి వయసుతో పాటు గొంతు కొంచెం కిందికి దిగడం మామూలే. 'నీకు నాలుగున్నర చాలమ్మా, కష్టపడకు' అన్నారావిడ. నిజానికి ఆ రోజు బాగానే గడిచింది.

మూడో క్లాసుకి ఆ ఇంటి గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చేశారు.

'ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను' అన్నారు నాతో. ఆ హాయి దగ్గర మనం కాస్త ఆగాలి. చాలామంది చదువు, సంగీతం, ఉద్యోగం ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. భయపడే చోటికి వెళ్లకుండా తప్పించుకున్నప్పుడు దడ చప్పున తగ్గుతుంది. ఆ తగ్గడం మనసుకి బహుమతిలా అందుతుంది. వెళ్లకపోబట్టే గండం గడిచిందని మనసు లెక్క వేసుకుంటుంది. ఈసారి గేటు దగ్గర మొదలైన దడ, వచ్చేసారి ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఆ తర్వాత మంగళవారం అనుకోగానే. అదే భయంతో లోపలికెళ్లి కూర్చుంటే దడ ముందు పెరుగుతుంది, ఓ స్థాయికి చేరుతుంది, తర్వాత దానంతట అదే దిగుతుంది. ఆ దిగడాన్ని మనసు కళ్లారా చూడాలి. ఒకసారి చూస్తే నమ్మదు. పదిసార్లు చూడాలి.

ఆవిడ మళ్లీ వెళ్లింది ధైర్యం తెచ్చుకుని కాదు. కూరల బండి దగ్గర ఆ పిల్ల కనిపించి 'ఆంటీ, మేం జంట వరసలు మొదలెట్టేశాం, మీరే వెనకబడ్డారు' అందట. మర్నాడు టీచరుగారికి ఫోన్ చేసి 'వస్తానండీ, కానీ కొన్నాళ్లు నన్ను విడిగా పాడించకండి' అని అడిగారు. 'నువ్వు పాడతానన్నప్పుడే పాడుదువుగాని. గోడకి ఆనుకుని కూర్చో, తాళం వెయ్యి చాలు' అన్నారావిడ. నెలన్నర పాటు తాళమే వేశారు.

తాళానికి ఓ మహిమ ఉంది

ఆది తాళం తెలిసినవాళ్లకి తెలుసు. ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ తొడ మీద చేయి ఈ ఎనిమిదీ లెక్కపెడుతూ, గొంతు ఒక్కో లెక్కకి ఒక్కో స్వరం పలుకుతుంటే, 'గ్యాస్ కట్టేశానా, వాడు ఫోన్ చేయలేదేంటి' అనే ఆలోచనకి చోటు దొరకదు. దొరికిన మరుక్షణం తాళం తప్పుతుంది. తప్పగానే మళ్లీ మొదటి దెబ్బకి రావాలి. మొదటి కాలంలో కాస్త కుదిరిందనుకుంటే రెండో కాలంలో అదే రెట్టింపు వేగం. సరళీ వరసలన్నీ మాయామాళవగౌళ రాగంలోనే ఉంటాయి, కాబట్టి ఈరోజు ఏం పాడాలో అని కంగారుపడాల్సిన పనీ లేదు. ఇలా మొదలుపెట్టే పద్ధతిని పురందరదాసు ఏర్పరచారని చెబుతారు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఎవరూ మార్చలేదంటే అందులో ఏదో ఉండే ఉంటుంది.

ఊపిరి సంగతి ఇంకొకటి. గుబులుగా ఉన్నప్పుడు ఊపిరి పైపైనే ఆడుతుంది, గబగబా ఆడుతుంది. పాడేటప్పుడు అలా కుదరదు. చప్పున గాలి పీల్చి, చాలాసేపు నెమ్మదిగా వదలాలి. కంగారు తగ్గడానికి డాక్టర్లు నేర్పే శ్వాస కసరత్తులోనూ వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలనే చెబుతారు. శ్రుతిలో 'సా' పట్టుకుని నిలపడం అంటే అదే పని, కాకపోతే వినసొంపుగా ఉంటుంది. మనం పాడితే వినసొంపుగా ఉంటుందా అని మీరు నవ్వొచ్చు. పర్వాలేదు, నవ్వండి.

పాటకీ దిగులుకీ ఉన్న సంబంధాన్ని లండన్‌లో బాలింతల మీద పరిశీలించారు. కాన్పు తర్వాత దిగులు లక్షణాలున్న 134 మంది తల్లులని మూడు జట్లు చేశారు. ఒక జట్టు పసిబిడ్డలతో కలిసి పది వారాలు పాటల తరగతికి వెళ్లింది. ఒక జట్టు ఆటల తరగతికి వెళ్లింది. మూడో జట్టుకి మామూలు వైద్యసేవలే. 2018లో ఫలితాలు ప్రచురించారు. దిగులు ఎక్కువగా ఉన్న తల్లుల్లో, మామూలు సేవలు మాత్రమే అందినవాళ్లకంటే పాడినవాళ్లు తొందరగా తేరుకున్నారు. పది వారాలయ్యేసరికి మిగతావాళ్లూ మెరుగయ్యారు. అంటే పాట ఇచ్చింది ఆ తొందర. చంటిబిడ్డతో ఉన్న తల్లికి నెల రోజుల ముందు తేరుకోవడమంటే మాటలా?

సంగీతమే కావాలా?

అక్కర్లేదు. మగ్గం పని కావచ్చు, కుట్లు అల్లికలు కావచ్చు, కలంకారీ, యోగా, ఈత, స్కూటీ నేర్చుకోవడం, ఏదైనా సరే. ఎంచుకునేటప్పుడు మాత్రం మీ గుబులు తీరు చూసుకోండి. మాట్లాడాలంటే భయమైతే చేతి పని ఉన్న క్లాసు మొదలుపెట్టడానికి తేలిక. తల వంచుకుని సూదితో పని చేసుకుంటుంటే ఎవరి మొహమూ చూడక్కర్లేదు, మాటలు వాటంతట అవే కలుస్తాయి. ఇంట్లో కూర్చుని కూర్చుని ఒళ్లు బరువెక్కితే కాళ్లూ చేతులూ కదిలేది మేలు. రోజూ కాస్త వేగంగా నడవడం కూడా దిగులుకి మంచిదని పరిశోధనలు చెబుతున్నాయి.

క్లాసు మంచిదా కాదా అన్నదానికంటే, దగ్గరా దూరమా అన్నది చూసుకోండి. రెండు ఆటోలు మారి వెళ్లాల్సిన గొప్ప టీచరుకంటే, నడిచి వెళ్లగలిగే మామూలు టీచరు మీకిప్పుడు నయం. ఏ నెలకా నెల ఫీజు కట్టే చోటయితే మంచిది. ఏడాదిది ఒకేసారి కట్టేస్తే మానేసిన ప్రతిరోజూ డబ్బు గుర్తొచ్చి ఇంకా కుంగుతారు. మొదటి రోజే తంబూరా, మగ్గం స్టాండు, పట్టు దారాలు కొనకండి. ఫోన్లో శ్రుతి పెట్టుకోవచ్చు, పాత చీర మీద కుట్టు నేర్చుకోవచ్చు.

ఆన్‌లైన్ క్లాసు చాలదా అంటారా? 2020 కరోనా రోజుల నుంచి అవి ఇంటింటికీ వచ్చాయి. ఊరు మరీ చిన్నదైతే, కదల్లేని పరిస్థితి అయితే అవే దిక్కు. అమెరికాలో ఉన్న మన ఆడపిల్లలు చాలామంది అలాగే నేర్చుకుంటున్నారు కూడా. కానీ ఇల్లు దాటడమే మందు అయినప్పుడు, ఇంట్లో కూర్చుని కెమెరా ఆపేసుకుంటే సగం మందు వదిలేసినట్టే. మొదట ఆన్‌లైన్‌లో చేరి, ఓ రెండు నెలలయ్యాక మనుషుల మధ్యకి వెళ్లడం మంచి మధ్యేమార్గం.

టీచరుతో అన్నీ చెప్పుకోవాలా అన్నది మీ ఇష్టం. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. 'నాకు పదిమందిలో కొంచెం కంగారండీ, కొన్నాళ్లు వెనక కూర్చుంటాను' అంటే చాలు. ఆ ఒక్క మాటకి మొహం చిట్లించే టీచరయితే, వేరే టీచరుని వెతుక్కోండి.

'ఏదీ, ఒకటి పాడు'

బయట భయం సగమైతే ఇంట్లో మాటలు సగం. 'ఈ వయసులో సంగీతమేంటి, కచేరీలు చేస్తావా?' అని ఆయన హాస్యానికే అనొచ్చు. 'దీపాలు పెట్టే వేళకి బయటికేంటమ్మా' అని అత్తగారు మామూలుగానే అనొచ్చు. బాగా ఉన్న రోజు ఈ మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. దిగులున్న రోజు అవే గుచ్చుకుంటాయి. మంగళ, శుక్రవారాలు ఆ గంట నాది అని చేరిన రోజే ఒకసారి చెప్పేసి, మళ్లీ మళ్లీ అనుమతి అడక్కుండా ఉండటం మేలు. అడిగిన ప్రతిసారీ కాదనే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

మెచ్చుకునేవాళ్లతో ఇంకో తంటా. చుట్టాలొస్తారు. 'మా ఆవిడ సంగీతం నేర్చుకుంటోంది. ఏదీ, ఒకటి పాడు' అంటారు. ఆయనకది గర్వమే. గుబులున్న మనిషికి మాత్రం గండం. ఒకప్పుడు పెళ్లిచూపుల్లో అమ్మాయిని ఇలాగే పాడమనేవారు, ఆ భయం ఇంకా మన ఎముకల్లో ఉన్నట్టుంది. 'ఇంకా సరిగమల్లోనే ఉన్నానండీ' అని నవ్వి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. ముందే ఆయనకి చెప్పుంచుకుంటే ఇంకా మంచిది.

ఇక 'మగ్గం పని నేర్చుకుంటే ఒక్క బ్లౌజుకి ఎంతొస్తుందో తెలుసా' అనే సలహా. డబ్బు అవసరమైనవాళ్లకి అది బంగారంలాంటి మాటే. కాదనను. కానీ మనసు బాగవడానికని మొదలుపెట్టిన పనికి మొదటి నెలలోనే బేరం, గడువు, పండగ ఆర్డర్లు తగిలిస్తే అది మరో ఉద్యోగమవుతుంది. బాగా రాకపోయినా ఎవరికీ నష్టం లేని పని మనిషికి ఒక్కటైనా ఉండాలి. కుట్టు వంకరపోతే పోయింది. అపస్వరం వస్తే వచ్చింది. ఇంట్లో ఉప్పు ఎక్కువైతే నలుగురు అడుగుతారు గానీ, గాంధారం తగ్గితే అడిగేది టీచరొక్కరే.

కాళ్లు రాని రోజున

అలాంటి రోజులు తప్పక వస్తాయి. అప్పుడు 'గంట కూర్చోవాలి' అనుకోకండి. 'పావుగంట కూర్చుని వచ్చేస్తా' అనుకోండి. నిజంగా పావుగంటకే లేచి వచ్చేసినా అది వెళ్లిన రోజే. చీర కట్టుకోవడమే భారమయితే ఉన్న డ్రెస్సుతోనే వెళ్లండి. పక్కింటావిడ అదే దారిలో కూరలకెళ్తుంటే తోడు వెళ్లండి.

కూర్చున్నాక దడ వస్తే పారిపోకుండా, రెండు పాదాలూ నేలకి ఆనించి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. చాప నేత ఎలా ఉందో, గోడ మీద క్యాలెండరు ఏ నెలదో చూడండి. ఏదో అయిపోతుందనిపిస్తుంది, కానీ కొద్ది నిమిషాల్లో ఆ పొంగు దిగుతుంది. డాక్టరు చూసి ఇది గుబులే, గుండెజబ్బు కాదని చెప్పినవాళ్ల సంగతి ఇది. మొట్టమొదటిసారి ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ముందు ఆసుపత్రికే వెళ్లాలి. ఆడవాళ్లకి వచ్చిన గుండెనొప్పిని కంగారుగా కొట్టిపారేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ.

క్లాసు మందు కాదు

ఈ మాట గట్టిగా చెప్పాలి. దిగులు రెండు వారాలకి మించి రోజూ ఉంటే, దేనిమీదా ఇష్టం లేకపోతే, నిద్ర, ఆకలి మారిపోతే, నేను దేనికీ పనికిరానన్న ఆలోచన వదలకపోతే డాక్టరుని కలవాలి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా నీరసం, నిరాసక్తత వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. కాన్పయిన కొత్తలో, నెలసరి ఆగే వయసులో దిగులు ఎక్కువ కావడమూ ఉంటుంది.

మందులంటే భయం చాలామందికి. దిగులుకి వాడే యాంటీడిప్రెసెంట్లు అలవాటు పడే మత్తుమందులు కావు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బాగుంది కదా అని ఉన్నట్టుండి ఆపేయకూడదు. డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. అలవాటు పడే ప్రమాదం ఉన్నది నిద్రకీ కంగారుకీ ఇచ్చే కొన్ని బిళ్లలతో. పక్కింటావిడ ఇచ్చిందనో, పాత చీటీ ఉందనో వాటిని కొని వాడకండి.

ప్రైవేటు డాక్టరు ఖర్చు భరించలేకపోతే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో మానసిక వైద్యానికి ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులే ఉన్నాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ నంబరుకి ఫోన్ చేయండి, ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు క్లాసు సంగతి తర్వాత.

మధ్యలో తెగిపోతే

పండగలొస్తాయి, పెళ్లిళ్లొస్తాయి, పిల్లలకి జ్వరాలొస్తాయి, లేదా దిగులే మళ్లీ వస్తుంది. మూడు వారాలు వెళ్లలేకపోతారు. అసలు మానేయడం జరిగేది ఇక్కడే. వెళ్లని ప్రతి వారం సిగ్గు పెరుగుతుంది. టీచరు ఏమంటారో, పిల్లలు ఎంత ముందుకెళ్లిపోయారో అని. ఫోన్లో టీచరు నంబరు చూసినా గుండె ఝల్లుమంటుంది.

రాజమండ్రి ఆవిడకి కూడా అలా రెండుసార్లు తెగింది. రెండోసారి అయిదు వారాలు. ఏం చెప్పాలో తెలియక, అమ్మ సంవత్సరీకాలు, ఊరెళ్లామండీ అని మొదలుపెట్టబోయారు. కొంత నిజమే, కొంత కాదు. టీచరుగారు అప్పటికి పిళ్లారి గీతం రాయిస్తున్నారు. ఈవిడ వంక చూసి, చాప మీద కొంచెం పక్కకి జరగమని పిల్లలకి చెప్పి, చేత్తో శ్రుతి పెట్టె తిప్పి నాలుగున్నర దగ్గర పెట్టారు.

'కూర్చో. ముందు సా పట్టు' అన్నారు.